నేను పూడ్చిన పన్ను మూల

ఈ కాలం పిల్లలు డెంటల్ ల్యాబులో ప్లాస్టర్ ముట్టుకోవడం తక్కువ. నోట్లో చిన్న కెమెరా తిప్పుతారు, కంప్యూటర్ తెర మీద పళ్ళ వరస తయారవుతుంది, ఏ పన్ను ఎటు జరగాలో మౌసుతో జరుపుతారు. మంచిదే, నాకేం కడుపుమంట లేదు. నేను మాత్రం ముప్పై ఏళ్ళకు పైగా ప్లాస్టర్ కలిపినవాణ్ణి. రిటైరై జగిత్యాలలో ఇంటి అరుగు మీద కూర్చున్నా గోళ్ళ సందుల్లో ఆ తెలుపు ఇంకా ఉందేమోనని చూసుకుంటాను. అప్పుడప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు వస్తారు. "సార్, మీ సర్వీసులో మరచిపోలేని కేసు చెప్పండి" అంటారు. ఎత్తుపళ్ళ పిల్లను అప్సరసలా మార్చిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి నాకు ఒక్కటీ గుర్తు లేవు. గుర్తున్నది నేను చెడగొట్టిన కేసు. అది కూడా ఒక పన్ను మూల, బియ్యపు గింజలో సగం ఉంటుంది, అంతే.

తొంభైలో కువైట్‌లో ఉన్నాను. అక్కడ షర్క్ అనే పేటలో పళ్ళ వరస సరిచేసే క్లినిక్కు మాది. డాక్టర్ లెబనాన్ ఆవిడ. ల్యాబుకు నేనొక్కణ్ణే. పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. మెత్తటి ముద్ద లాంటిది పేషెంటు పళ్ళకు అదిమి తీస్తే దానిలో పళ్ళ గుర్తులు పడతాయి. దానిలో నేను ప్లాస్టర్ పోస్తాను. గట్టిపడ్డాక విడదీస్తే ఆ మనిషి పళ్ళ వరస ఉన్నదున్నట్టు బల్ల మీదికి వస్తుంది. దాన్ని మోడల్ అంటాం. డాక్టర్ దాన్ని కొలిచి, ఆలోచించి, అప్పుడు పేషెంటు పళ్ళకు తీగ కడుతుంది.

ఆవిడ లెక్కలు నాకిప్పటికీ నోటికి వచ్చు. ముందు పన్ను పొడుగు పదైతే వెడల్పు ఎనిమిది. పక్క పన్ను దానికన్నా సన్నం. పై వరస కింది వరసను పావు వంతు కప్పాలి, మింగేయకూడదు. ఒకసారి మోడల్‌లోని పళ్ళను రంపంతో కోసి, మైనంలో కొత్త వరసగా పేర్చమంది. ముందు నుంచి చూస్తే నవ్వు ముచ్చటగా వచ్చింది, మురిసిపోతూ తీసుకెళ్ళాను. ఆవిడ పై దవడనూ కింది దవడనూ కలిపి చూసింది. వెనక పళ్ళు ఒకదానికొకటి తగలడం లేదు. "ఈ అందంతో రొట్టె ఎలా నమలాలి?" అంది. అందం కొరుక్కు తింటామా అని మా ఊళ్ళో అనే మాటే. అరబ్బీలో అంటే ఇంకాస్త గట్టిగా తగిలింది.

కానీ ఆవిడకు నామీద అసలు కోపం బుడగల దగ్గర. ప్లాస్టర్ పోసేటప్పుడు గాలి చిక్కితే, సరిగ్గా ముందు పళ్ళ అంచుల దగ్గరే గుంటలు పడతాయి. గుంట కనిపిస్తే ఆవిడ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి మోడల్ వెనక్కి పంపేది. "గుంట ఉంటే ఉన్నట్టే తీసుకురా, నువ్వు పూడ్చకు. నువ్వు బుడగ అనుకున్నది ఆ మనిషి పన్నులో నిజంగానే ఉండొచ్చు" అని ఎన్నిసార్లు చెప్పిందో. తల ఊపేవాణ్ణి. రోజుకో ఎర్ర సున్న పడుతుంటే ఏ మగాడికైనా పౌరుషం వస్తుంది కదా. సన్నటి బ్రష్షుతో పల్చని ప్లాస్టర్ పూసి, ఆరాక బ్లేడుతో గీసి, ఆవిడకే తెలియకుండా పూడ్చడం నేర్చుకున్నాను. సున్నలు తగ్గాయి. పనిమంతుణ్ణి అయిపోయానని అనుకున్నాను.

ఆ జూలైలో ఒక కువైటీ అబ్బాయి వచ్చాడు, పందొమ్మిదేళ్ళవాడు. వెంట వాళ్ళింట్లో పనిచేసే కడప వైపు ఆమె వచ్చింది, నాకన్నా పెద్దది. నేను ల్యాబులో ప్లాస్టర్ కలుపుతుంటే గుమ్మంలో నిలబడి, "ఏమన్నా, బాగుండావా?" అన్నాడు. తెల్ల దిష్‌దాషా తొడిగిన అరబ్బు పిల్లవాడి నోట ఆ మాట విని నా చేతిలో గిన్నె జారింది.

"మూడేండ్లప్పుటి నుంచి నేనే సాకినా అన్నా. వాళ్ళమ్మ కాడ అరబ్బీ, నా కాడ మన మాట" అంది ఆమె గర్వంగా.

"మంచిగున్న తమ్మీ, నువ్వెట్లున్నవ్?" అన్నాను.

వాడు ఆమె వైపు తిరిగి, "ఇదేం తెలుగు?" అన్నాడు.

"అది వాళ్ళ పక్క మాట నాయనా, నవ్వగూడదు" అని తనే పడిపడి నవ్వింది. వాడూ నవ్వాడు, తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుని. ఆ పళ్ళు ఎవరికీ కనిపించకుండా దాచడం వాడికి అలవాటైపోయింది. ఆ పూట నేను వాడి పళ్ళు చూడనే లేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

డాక్టర్ పళ్ళ గుర్తులు తీసుకుంది. సెలవు నుంచి వచ్చాక తీగ కడతానని చెప్పి, ఎండాకాలం కదా, వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. నేను ప్లాస్టర్ పోశాను. మోడల్ విడదీసి చూస్తే పై వరస నడిమి గీత కాస్త కుడికి జరిగి ఉంది. కుడి పక్క పన్ను లోపలికి నక్కి ఉంది. ఎడమ ముందు పన్ను మూల లేదు. ఇదిగో మళ్ళీ బుడగ, అనుకున్నాను. సన్న బ్రష్షు తీశాను, పూశాను, ఆరబెట్టాను, గీశాను. పదికి ఎనిమిది, లెక్క తప్పకుండా. ఆ మూలకు మూడుసార్లు మెరుగు పెట్టినట్టు గుర్తు. అంత బాగా కుదిరింది.

ఆగస్టు మొదట్లో ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ రోజుల గురించి చాలామంది చాలా చెప్పారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే అబ్బాసియాలో ఒక గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. పది రోజుల తర్వాత ధైర్యం చేసి షర్క్ వెళ్ళి చూస్తే క్లినిక్కు తలుపులు తెరిచి ఉన్నాయి. పేషెంటు కుర్చీలు, ఎక్స్‌రే మిషను, ఏసీలు, చివరికి ఇనప బీరువాలు కూడా ఎత్తుకుపోయారు. బీరువాల్లోని కార్డులూ ఎక్స్‌రేలూ నేల మీద గుమ్మరించి తొక్కారు. నా ప్లాస్టర్ పళ్ళ పెట్టెలు మాత్రం వరసగా అలాగే ఉన్నాయి. ఎవరో ఒకటి తెరిచి, చూసి, భయపడో అసహ్యించుకునో మూసేసి ఉంటారు. ఆ ఖాళీ గదిలో కూర్చుని, డాక్టర్ ఇప్పుడు తలుపు తోసుకుని వచ్చి ఒక్క ఎర్ర సున్న చుడితే ఎంత బాగుండునని ఏడ్చాను. మనల్ని తిట్టే మనిషి దూరమైతే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

సెప్టెంబరు నడుమ ఆ కడప ఆమె నన్ను వెతుక్కుంటూ అబ్బాసియా వచ్చింది. వాళ్ళ ఊరివాళ్ళ కిరాణా కొట్లో అడిగి మా గది కనుక్కుంది. మెట్ల మీదే కూలబడింది.

"మా పిల్లోణ్ణి మిలట్రీ వాళ్ళు ఎత్తకపోయినారన్నా. పదైదు దినాలాయ" అంది. "ఆస్పత్రిలో ఒక పిల్లోని శవం ఉండాదంట. కారులో కాలిపోయినాడంట. మొగం తెలీడం ల్యాదంట. రేపు మట్టి చేస్తారంట. మా మామా అంటాండాది, పండ్ల ఆయప్ప కాడ నా కొడుకు పండ్లు ఉండాయి గదా, ఆయప్ప వచ్చి చూసి చెప్తే నమ్ముతానని." అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అంటారు.

"నేను డాక్టర్ను కాదక్కా. మనుషుల్ని గుర్తువట్టుడు నాకేడొస్తది?"

"రాకపోతే యట్లన్నా? ఇంకెవురుండారు ఈడ?"

నిజమే, ఇంకెవరూ లేరు. క్లినిక్కుకు వెళ్ళి మోడల్ తీసి, తువ్వాల్లో చుట్టుకుని, ఆమెతో ఆస్పత్రికి నడిచాను. దారిలో రెండుచోట్ల సైనికులు ఆపి తువ్వాలు విప్పించారు. పళ్ళు చూసి ఒకడు నవ్వాడు, యల్లా అని తోశాడు.

ఆస్పత్రి వరండాలో బల్ల మీద ఆ తల్లి కూర్చుని ఉంది. నల్ల అబాయా. భర్త పోయి చాలా ఏళ్ళయిందట, ఉన్నది ఈ ఒక్క కొడుకే. నా ముఖం చూడలేదు, తువ్వాలు వైపే చూసింది. నన్నొక్కణ్ణే లోపలికి పిలిచారు. లోపల ఒక మలయాళీ నర్సు గుడ్డ కాస్త పక్కకు జరిపి, టార్చి పట్టుకుంది. మిగతా ఏమీ నేను చూడలేదు, మీకూ చెప్పను. పళ్ళు మాత్రం చూశాను.

నడిమి గీత కుడికి జరిగి ఉంది. కుడి పక్క పన్ను లోపలికి నక్కి ఉంది. రెండూ మోడల్‌లో ఉన్నట్టే. అంతలో ఎడమ ముందు పన్ను దగ్గర టార్చి ఆగింది. దానికి మూల లేదు. మోడల్‌లో ఉంది, ఇక్కడ లేదు. ఇప్పుడు విరిగిందేమోనని చూపుడు వేలితో తడిమాను. కొత్తగా విరిగిన పన్ను అంచు గరుకుగా, పదునుగా ఉంటుంది. ఇది నున్నగా అరిగి ఉంది. అంటే ఎన్నో ఏళ్ళ కిందట విరిగిన పన్ను. జూలైలో నిండుగా ఉన్న పన్ను సెప్టెంబరుకల్లా పాత విరుగు కాలేదు కదా. నడిమి గీత జరిగినవాళ్ళు ఊరికి వందమంది ఉంటారు. కనక ఇతను వేరే మనిషి. ఆ మూల పూడ్చింది నేనేనన్న సంగతి గుర్తే రాలేదు, నా తర్కం నాకే ఎంతో నచ్చింది. ఇప్పుడు నిజం చెప్పాలంటే, ఏదో ఒక తేడా కనిపించాలని ముందు నుంచీ వెతుకుతూనే ఉన్నాను. దొరకగానే గట్టిగా పట్టుకున్నాను.

బయటికి వచ్చి, "మూ హువా" అన్నాను. కాదు, వాడు కాదు.

ఆ తల్లి లేచి నిలబడి, ప్లాస్టర్ మరకలున్న నా చేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. ఎందుకు కాదని ఎవరూ అడగలేదు. తల్లి దగ్గర అలాంటి వివరాలు ఎలా మాట్లాడతామని నేనూ చెప్పలేదు. వాళ్ళింటికి తీసుకెళ్ళి అన్నం పెట్టారు. పదిహేను రోజుల తర్వాత ఆమె ముద్ద మింగడం అదే మొదలట. ఆ వారం మా గదివాళ్ళు నన్ను డాక్టర్ సాబ్ అని పిలిచారు, నేను వద్దనలేదు. ఆ పేరు తెలియని శవాన్ని మర్నాడు నంబరు వేసి పూడ్చేశారు.

మరో పది రోజులకు మనవాళ్ళు బస్సుల్లో బస్రా మీదుగా జోర్డాన్ పోతున్నారని తెలిసి, నేనూ పేరు రాయించుకున్నాను. సామాన్లు తెచ్చుకుందామని షర్క్ వెళ్ళినప్పుడు ఆ కడప ఆమె అక్కడికి వచ్చింది. కొడుకు తిరిగొచ్చేదాకా ఆ ప్లాస్టర్ పళ్ళు తన దగ్గర ఉంచుకుంటానని మామా అడిగిందట. పెట్టె చేతికిచ్చాను. ఆమె మూత తీసి, పసిపిల్లవాడి బుగ్గ నిమిరినట్టు వేలితో నిమిరింది. ఆ వేలు ఎడమ ముందు పన్ను మీద ఆగింది.

"ఇదేందన్నా, దీని కొన పోయింటాది గదా? పదేండ్లప్పుడు సైకిలు మింద నుంచి పడి ఇరగ్గొట్టుకున్యాడు. ఆ పొద్దంతా నా ఒళ్ళోనే ఏడ్సినాడు. ఇదెట్ల బాగుండాది? మీరు బాగు చేసినారా?"

"చివరిసారి ఎప్పుడు చూసినవక్కా ఆ పన్ను?" అని అడిగాను.

"ఎత్తకపోయిన పొద్దు కూడా చూసినా. రొట్టె కొరుకుతా ఏందో చెప్పి నవ్వినాడు. ఇరిగే ఉండాది."

నేల మీద కార్డుల గుట్ట ముందు కూర్చున్నాను. బూటు గుర్తులు పడిన కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాను. ఆమె కూడా ఎందుకని అడగకుండా పక్కన కూర్చుని ఏరింది. మధ్యాహ్నం దాటాక వాడి కార్డు దొరికింది. పళ్ళ బొమ్మలో ఎడమ ముందు పన్ను మూల మీద ఎర్ర పెన్సిలు గీత. పక్కన డాక్టర్ రాత: పాత విరుగు, వరస కుదిరాక చివర్లో సరిచేయాలి. ఆ కార్డు ఆస్పత్రికి వెళ్ళిన రోజు కూడా ఈ గుట్టలోనే ఉంది. మోడల్ తీసుకున్నానే గానీ కార్డు కోసం ఒక్కసారి వంగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆమెకు మొత్తం చెప్పాను. బుడగ, బ్రష్షు, ఎర్ర సున్నలంటే నాకున్న సిగ్గు, అన్నీ. తిడుతుందనుకున్నాను. ఆమె గోడకు ఆనుకుంది. కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయమ్మ ఇప్పుడిప్పుడే రొండు ముద్దలు తింటాండాది. ఐనా చెప్పాలన్నా. యాడ పూడ్సినారో తెలిస్తే, ఆడికి పోయి ఏడుచ్చాది. నాకు నోరు రాదు, నువ్వే వచ్చి చెప్పు" అంది.

వెళ్ళాను. వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. మధ్యలో మాట అందకపోతే ఆమె అందించింది. ఆ తల్లి అంతా విని, మోడల్‌ను కిటికీ వెలుగులో పెట్టి చూసింది.

"పన్ను విరిగిన మాట నిజమే. దాన్ని బాగు చేయమనే కదా మీ దగ్గరికి పంపాను. డాక్టర్ బాగు చేసింది. అందుకే ఇందులో నిండుగా ఉంది" అంది.

"డాక్టర్ కాదు మామా. నేను, ఈ చేత్తో."

"ఆ రోజు నీ గొంతులో భయం లేదు. ఇవాళ ఉంది. ఊరికి పోయేవాడివి, నిన్నెవరో బెదిరించారు. నీ మీద నాకు కోపం లేదు, వెళ్ళు." ఇక ఖలాస్ అన్నట్టు చెయ్యి ఊపింది.

కడప ఆమె వైపు చూశాను. వాణ్ణి ఎత్తుకుపోయిన రోజు కూడా పన్ను విరిగే ఉందని ఆమె ఒక్కతే చెప్పగలదు. నోరు తెరిచింది. మామా ఆమె చెయ్యి పట్టుకుని, "వాడికి అందరినీ ఆశ్చర్యపరచడం ఇష్టం కదా, పన్ను బాగు చేయించుకుని మనకు చూపించకుండా దాచాడు, కదూ?" అని అడిగింది. ఆమె నోరు మూసుకుని తల ఊపింది. ఆ తల ఊపును నేను ఎన్నడూ తప్పు పట్టలేదు. ఎవరికైనా అంతకన్నా చేతకాదు.

ఏడాదిన్నర తర్వాత అదే షర్క్‌లో ఇంకో క్లినిక్కులో పని దొరికి మళ్ళీ కువైట్ వెళ్ళాను. మా డాక్టర్ తిరిగి రాలేదు, ఎక్కడుందో తెలియలేదు. అప్పటి నుంచి ఏ గుంట కనిపించినా ముందు పేషెంటును పిలిచి నోరు తెరిపించి చూసేవాణ్ణి. కొత్త డాక్టర్ నన్ను చాదస్తుడు అనేవాడు. పాత డాక్టర్ వింటే సంతోషించేదని మనసులో అనుకునేవాణ్ణి. ఆ మనిషి ఎర్ర పెన్సిలు కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది, నవ్వితే నవ్వండి.

నెల రోజులు వాయిదా వేసి వేసి, చివరికి ఆ ఇంటికి వెళ్ళాను. తప్పిపోయినవాళ్ళ జాబితాలో కొడుకు పేరు రాయించి ఆ తల్లి ఎదురుచూస్తోంది. నా మోడల్ హాల్లో అద్దాల బీరువాలో, వాడి చిన్నప్పటి ఫోటో పక్కన ఉంది. వచ్చినవాళ్ళకు దాన్ని చూపించి, శవాన్ని చూసినవాడే కాదన్నాడని చెబుతుందట. నా ఎదుటే ఒక బంధువుల ఆవిడకు చెప్పింది. నేను పూడ్చిన మూల నాకే సాక్షిగా నిలబడింది. మళ్ళీ నిజం చెప్పాలని గొంతుదాకా వచ్చింది. ఆమె కప్పులో టీ పోసి, చక్కెర ఎంత అని అడిగింది. రెండు చెంచాలన్నాను.

ఆ వెళ్ళింది శుక్రవారం. కడప ఆమె చేతి సంచి తీసుకుని నాతోపాటే బయటికి వచ్చింది. "కూరగాయలకని చెప్పి వస్తాండా. నువ్వూ రా అన్నా" అంది. బస్సెక్కి వెళ్ళింది కూరగాయల మార్కెట్టుకు కాదు, శ్మశానానికి. గేటు దగ్గరి బంగాళీ కాపలాదారు ఆమెను ఎరుగును, ఏమీ అడగకుండా తలుపు తీశాడు. ఆమె ఆ ఆస్పత్రి నర్సును పట్టుకుని సమాధి నంబరు కనుక్కున్నదట. ఇసుకలో చిన్న రాయి, మీద ఒక అంకె. ఆమె చెప్పులు విడిచి, అక్కడ పడ్డ చెత్త ఏరి, సంచిలోంచి రెండు నీళ్ళ సీసాలు తీసి, తల వైపు నుంచి కాళ్ళ వైపుకు మెల్లగా పోసింది. ఆ అరబ్బు నేలలో నీళ్ళు పోసింది పోసినట్టే ఇంకిపోయాయి. నేను పక్కన ఇసుకలో కూర్చున్నాను. నన్ను క్షమించమని వాడిని అడిగాను, తెలుగులోనే.

"నీకు ఇంటికి పోబుద్ధి కాదా అక్కా?" అన్నాను తిరిగి వస్తుంటే.

"పోబుద్ధి అయితాది. నా పిల్లోల్లు కూడా రమ్మంటాండారు. కానీ ఇంట్లోవాళ్ళు ఒకరన్నా వారానికోసారి రావాల గదన్నా ఈడికి."

"మామాకు తెలిస్తే?"

ఆమె ఖాళీ సీసాలు సంచిలో సర్దుకుంది.

"మొదుట్లో ఈ నీళ్ళు దొంగతనంగా తెచ్చుకునేదాన్ని. నాలుగు వారాల నుంచి నేను బయల్దేరే పొద్దుకు మామానే రెండు సీసాలు నింపి వాకిట్లో పెడతాండాది. యాడికని అడగదు. నేనూ చెప్పను."